ఎత్తినవాళ్ళే సర్దాలి

మా జిమ్ గోడ మీద ఒకే ఒక్క రూలు రాసి ఉంటుంది: ‘ఎత్తినవాళ్ళే సర్దాలి.’ ఎర్ర రంగు, అరచెయ్యంత అక్షరాలు. ఇనుప కడ్డీకి ఎవరు ఎంత బరువు తగిలించుకుంటే, పని అయ్యాక వాళ్ళే ఆ ప్లేట్లు తీసి స్టాండులో పెట్టాలి. జిమ్ నడిపే ఆవిడకు ముప్పై దాటి ఉంటాయి. అందరూ కోచమ్మ అంటారు. నేను చేరిన మొదటిరోజే, “ఆంటీ, మీరు నాగా పెట్టినా ఊరుకుంటాను గానీ ప్లేటు నేల మీద వదిలేస్తే మాత్రం ఊరుకోను” అంది. నాకా మాట భలే నచ్చింది. తిన్న కంచం తియ్యని మనుషుల మధ్య ముప్పై ఏళ్ళు కాపురం చేసినదాన్ని మరి.

ఆ రూలే లేకపోతే నాకు జరిగిన మోసం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మోసం అన్నది పెద్ద మాటే. దానికంటే చిన్న మాట దొరుకుతుందేమోనని తరవాత చాలాసార్లు వెతుక్కున్నాను. దొరకలేదు.

అసలు నేను జిమ్‌కు ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. సన్నబడడానికి కాదు. నన్ను చూసి సంతోషించాల్సిన వాళ్ళందరూ చూసేశారు. నేను వెళ్ళింది మా అత్తయ్య కోసం.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం అత్తయ్య బాత్రూంలో జారి కూలబడింది. ఎముకలు విరగలేదు, దేవుడి దయ. కానీ ఆవిడ కాళ్ళలో సత్తువ లేదు. కింద కూర్చుంటే తనంతట తాను లేవలేదు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. మా ఆయన నీటి పంపుల మెకానిక్కు, పని మీద పక్క ఊరు వెళ్ళారు. నేను వెనక నుంచి అత్తయ్య చంకల కింద చేతులు వేసి లాగాను. కొంచెం లేచినట్టే లేచి మళ్ళీ జారిపోయింది. ముందు నుంచి పట్టాను. నా నడుము పట్టేసింది. స్టూలు తెచ్చాను, దుప్పటి మడిచి కింద తోశాను. ఏం చేసినా ఆవిడ నేల మీదే. ఎదురింటికి తాళం. “కింద వాచ్‌మన్‌ను పిలవనా అత్తయ్యా?” అంటే, “ఒంటి మీద తువ్వాలు తప్ప లేదే. పరాయి మగాడొచ్చి నన్ను ఈ అవతారంలో లేపేకంటే ఇక్కడే పోతాను” అంది.

ఆయనకు ఫోన్ చేశాను. బయల్దేరాను, వస్తున్నానన్నారు. వచ్చేసరికి సాయంత్రమైంది. అంతసేపూ అత్తయ్యకు దుప్పటి కప్పి, నేనూ ఆ తడి నేల మీదే పక్కన కూర్చున్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు భయం వేసింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ నన్ను ఏదో ఒకటి అనకుండా అంతసేపు ఉండడం అదే మొదలు.

ఆ సాయంత్రం దీపం పెట్టి దండం పెట్టుకుంటూ దేవుణ్ణి అడిగాను. “స్వామీ, ఇన్నేళ్ళూ నీ ముందు నిలబడి ఓపికే అడిగాను. బలం ఎప్పుడూ అడగలేదు. తప్పుగా అడిగానా?”

దేవుడు బదులు చెప్పలేదు గానీ, మర్నాడు కూరగాయలకు వెళ్తుంటే టైర్ల షాపు పైన ఉన్న జిమ్ బోర్డు కనపడింది. మెట్లెక్కాను.

లోపల రబ్బరు వాసన, తుప్పు వాసన. గోడకు ఒక పెద్ద నల్లబోర్డు. చేరినవాళ్ళ పేరు, పక్కన వాళ్ళ లక్ష్యం. పది కిలోలు తగ్గాలి. పెళ్ళి నాటికి పాత సూటు పట్టాలి. షుగరు అదుపులోకి రావాలి. కోచమ్మ సుద్దముక్క పట్టుకుని, “మీదేమిటి ఆంటీ?” అంది.

“మా అత్తయ్యను నేల మీంచి ఒక్కదాన్నే లేపాలి.”

ఆ పిల్ల నవ్వలేదు. ఒక్క క్షణం నా వైపు చూసి, “అత్తయ్యగారి బరువెంత?” అని అడిగింది. అందుకే ఆమె మీద నాకు అంత నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం గురించే ఈ గొడవంతా.

ఇంటికొచ్చి అత్తయ్యను బరువు చూసే మిషన్ ఎక్కమంటే పెద్ద యుద్ధమే అయింది.

“నన్ను తూస్తావా? నేనేమన్నా సిమెంటు బస్తానా?”

“బస్తా అయితే మాట్లాడకుండా తూగేది అత్తయ్యా.”

“ఒరేయ్, నీ పెళ్ళాం మాటలు వింటున్నావా?”

“నువ్వు కదలకమ్మా, ముల్లు కదుల్తోంది” అన్నారు మా ఆయన, ఆవిడ పడకుండా వేళ్ళు పట్టుకుని. ఆవిడ శాలువా తీసి నా మీద పడేసింది, కళ్ళజోడు తీసి ఆయన జేబులో పెట్టింది. అయినా యాభై ఎనిమిది చూపించింది. “దొంగ మిషన్” అని తేల్చేసింది.

మర్నాడు బోర్డు మీద నా పేరు పక్కన ‘అత్తయ్య – 58’ అని పడింది. అది చూసి, నాతో పాటు పొద్దున్నే వచ్చే టైలరు, “అక్కయ్యా, లోకంలో కోడళ్ళందరూ అత్తలను దించాలని చూస్తారు. మీరేంటి ఎత్తుతానంటున్నారు?” అన్నాడు. జిమ్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కోచమ్మ పాఠం చెప్పడంలో దిట్ట. అది ఒప్పుకోకపోతే నా నోరు పడిపోతుంది. వట్టి కడ్డీతో మొదలుపెట్టించింది. వీపు ఎలా నిటారుగా ఉంచాలో, ఊపిరి ఎక్కడ బిగపట్టాలో నేర్పింది. “చేతులతో లాగకండి ఆంటీ. చేతులు కొక్కేలు, అంతే. కాళ్ళతో నేలను కిందికి తొయ్యండి. బరువు దానంతటదే వస్తుంది.” ఆ మాట నా చెవుల్లో మంత్రంలా నిలిచిపోయింది. గిన్నెలు తోముతూ కూడా కాళ్ళతో నేలను తొయ్యడం మొదలుపెట్టాను.

సాయంత్రాలు అత్తయ్య మంచం మీంచే అడిగేది. “ఇవాళ నేను ఎంతవరకు లేచాను?”

“నడుం దాకా లేచారు అత్తయ్యా.” అప్పటికి ముప్పై ఎత్తుతున్నాను.

“పై సగమా, కింది సగమా?”

“పైసగమే లెండి. నోరున్న సగం.”

“అదే బరువైన సగం” అనేది గర్వంగా.

అలా తల నుంచి మొదలై నడుం, తుంటి, తొడల దాకా వచ్చాం. కానీ తన వంతు మాత్రం ఆవిడ చేసేది కాదు. కాళ్ళకు వ్యాయామం చేయించాలని డాక్టరు చెప్పి పంపితే, “ఈ వయసులో మంచం మీద పడుకుని కాళ్ళు ఆడించుకోవడానికి నేనేమన్నా ఉయ్యాల్లో పాపనా?” అని గోడ వైపు తిరిగేది. నేను ఎక్కువ బలవంతం చెయ్యలేదు. నేను లేపుతాను కదా అనుకున్నాను.

మా జిమ్‌లో ఏడాదికోసారి సంబరం చేస్తారు. ఆ ఆదివారం ఎవరి లక్ష్యం వాళ్ళు ఇంట్లోవాళ్ళ ముందు ఎత్తి చూపించాలి. ఎత్తినవాళ్ళు గోడకున్న ఇత్తడి గంట కొట్టాలి. బోర్డు మీద వాళ్ళ పేరు పక్కన బంగారు నక్షత్రం అంటిస్తారు. తరవాత కేకు, ఫోటోలు, కొత్త లక్ష్యాలు. వారం ముందు నాకు గుబులు మొదలైంది. నలభై అయిదు బాగానే లేస్తోంది. యాభై మాత్రం మోకాళ్ళ దాకా వచ్చి దిగిపోతోంది. “ఈసారికి నన్ను వదిలెయ్యమ్మా, వచ్చే ఏడాది చూద్దాం” అన్నాను కోచమ్మతో.

“ఆంటీ, మీరు నా మీద వదిలెయ్యండి” అంది.

సరిగ్గా ఆ ఆదివారం పొద్దున్నే మా ఆయనకు ఫోన్ వచ్చింది. దూరంగా ఏదో ఫ్యాక్టరీలో కొత్త పంపులు బిగించాలి. వారం రోజుల పని. మర్నాడు తెల్లవారి రైలుకు బయల్దేరాలి. అత్తయ్య పడిన దగ్గర్నుంచీ ఆయన ఊరు దాటి పనికి వెళ్ళలేదు. సాటి పనివాళ్ళు ఆయనకు ‘ఇంటి పంపు’ అని పేరు పెట్టారు కూడా. ఫోన్ పట్టుకుని నా వైపు చూశారు.

“మధ్యాహ్నం చెబుతాననండి” అన్నాను. “నేను ఎత్తాక.”

ఎదురింటావిడను అత్తయ్య దగ్గర కూర్చోబెట్టి ఇద్దరం వెళ్ళాం. జిమ్ అంతా రంగు కాగితాలు. ప్లేట్లన్నిటికీ బంగారు కాగితం చుట్టి, మీద పెద్ద పెద్ద అంకెలు అంటించారు. “పెళ్ళికూతుళ్ళలా లేవూ?” అంది కోచమ్మ మురిసిపోతూ. టైలరు ముందు ఎత్తాడు. తలపైకి ఎత్తి పట్టుకుంటే అతని మనవడు గెంతులేశాడు. గంట మోగింది. తరవాత ఇంకో నలుగురు. అందరూ ఎత్తేస్తున్నారు. అందరికీ గంటే.

నా వంతు వచ్చింది. “యాభై ఎనిమిదికి ప్లేట్లు కుదరవు ఆంటీ. అరవై పెట్టాను. ఆ రెండు కిలోలూ అత్తయ్యగారి శాలువాకి” అంది. అందరూ చప్పట్లు. నేను కడ్డీ ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాను. “స్వామీ, నా వల్ల కాదని నాకు తెలుసు. నువ్వో చెయ్యి వెయ్యి” అనుకున్నాను. వంగాను, పట్టుకున్నాను, కాళ్ళతో నేలను తోశాను.

లేచింది. నిజంగా ఎవరో కింద చెయ్యి వేసినట్టు లేచింది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. కడ్డీ పట్టుకునే ఏడ్చేశాను. జనం కేకలు వేస్తున్నారు గానీ నాకేం వినపడలేదు. “ఇంత దయా తండ్రీ!” అని మాత్రం మనసులో అనుకున్నది గుర్తుంది. దించి, వెళ్ళి గంట కొట్టాను. తిరిగి చూసేసరికి మా ఆయన ఒక మూలకు వెళ్ళి ఫోన్లో, “ఆఁ, వస్తున్నా. పొద్దున రైలుకే” అంటున్నారు.

కేకు కోశారు. అందరూ అటు మూగారు. నాకు మాత్రం నా కడ్డీ అలా ప్లేట్లతో నేల మీద పడి ఉండడం చూస్తే మనసొప్పలేదు. అలవాటు కదా. వెళ్ళి సర్దబోయాను.

కోచమ్మ కేకు చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. “వద్దు ఆంటీ! ఇవాళ మీరు అతిథి. నేను తీస్తాను, మీరెళ్ళి కేకు తినండి.”

“అదేంటమ్మా, రూలు రూలే కదా” అని నవ్వుతూ వంగి ప్లేటు పట్టుకున్నాను. ఇరవై కిలోల ప్లేటు కదాని కాళ్ళు ఎడం చేసి, వీపు నిటారుగా పెట్టి, ఊపిరి బిగపట్టి మరీ లాగాను. ఖాళీ కంచం లేచినట్టు లేచింది. వెనక్కి పడబోయాను.

ఒక్క చేత్తో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయాను. అంచు దగ్గర బంగారు కాగితం గోటితో చించాను. కింద నల్ల ప్లాస్టిక్కు. కొత్తగా చేరినవాళ్ళకు వంగడం నేర్పించే ప్లేటు అది. చూడ్డానికి పెద్ద ప్లేటంతే ఉంటుంది. బరువు అయిదు కిలోలు. అవతలి వైపుదీ అదే. ఇరవై కిలోల కడ్డీతో కలిపితే ముప్పై. అత్తయ్య నడుం దాకా.

నా కళ్ళలో నీళ్ళింకా ఆరలేదు. అవి ఏ బరువు కోసం కార్చానో తలచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

“ఇదేంటమ్మా?” అన్నాను.

“ఆంటీ, మెల్లగా...”

“ఇదేంటని అడుగుతున్నా.”

కోచమ్మ మొహం ఎర్రబడింది. “పోయిన ఏడాది ఒకాయన అందరి ముందూ ఎత్తలేకపోయారు ఆంటీ. పిల్లలు చూస్తుండగా. మళ్ళీ మెట్లెక్కలేదు. నాకు ఎంత బాధేసిందో తెలుసా? అందుకే ఈసారి ఒక్కరు కూడా ఓడిపోకూడదనుకున్నా. మీరు ఎంత సంతోషపడ్డారు! ఆ ఉత్సాహంతో ఇంకో రెండు నెలల్లో నిజంగానే ఎత్తేస్తారు. అప్పటికి ఇది ఎవరికి గుర్తుంటుంది?”

“రేపు తెల్లారి మా ఆయన రైలెక్కుతారు. నువ్వు కొట్టించిన గంట విని మాటిచ్చేశారు. ఎల్లుండి మా అత్తయ్య మళ్ళీ పడితే ఎవరొచ్చి లేపుతారు? నీ బంగారు కాగితమా?”

ఆ పిల్లకు ఆ సంగతి తెలియదు. చేతిలోని కేకు పక్కన పెట్టింది. తరవాత మెల్లగా, “అయినా ఆంటీ, మనిషిని లేపడం కడ్డీని ఎత్తినట్టు ఉండదు కదా. మనిషి కదుల్తారు, జారతారు...” అంది.

“అందుకే కదమ్మా, కనీసం కడ్డీ అయినా నిజం చెప్పాలి.”

మాటలు పెద్దవయ్యేసరికి జనం మా చుట్టూ చేరారు. టైలరు నా చేతిలోని ప్లేటు చూసి తల దించుకున్నాడు. నాకు అనుమానం వచ్చింది.

“నీకు తెలుసా తమ్ముడూ?”

“పైకి ఎత్తుతుంటే సగంలోనే తెలిసిపోయింది అక్కయ్యా.”

“మరి చెప్పలేదేం?”

“మావాడు చప్పట్లు కొడుతున్నాడు. ఎలా దించమంటారు?” అన్నాడు. “పోనిద్దురూ. ఎవరి కొంప మునిగింది?”

కేకు తింటున్న ఒకావిడైతే నా మీదికే వచ్చింది. “మీకు నచ్చకపోతే మీ నక్షత్రం మీరు పీకేసుకోండి. మావెందుకు కెలుకుతారు? మా ఫోటోలు అందరికీ వెళ్ళిపోయాయి.”

అదిగో, అక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. కోచమ్మ మీద వచ్చింది వేరు. ఆమె ప్రేమ కొద్దీ తప్పు చేసింది, తిడితే ఏడుస్తుంది, రేపు మానుకుంటుంది. వీళ్ళు తెలిసి తెలిసి చెవిలో పువ్వు పెట్టించుకుని, ఆ పువ్వు బాగుందంటున్నారు. వేసవి ఎండలో ఈ జిమ్ రేకుల కప్పు కింద చెమటలు కక్కి ఎత్తింది ఇందుకేనా? అలాంటప్పుడు ఇంట్లోనే కూర్చుని దిండ్లు ఎత్తుకుని గంట కొట్టుకోవచ్చు కదా. ఇదంతా నేను అరిచి అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. మా ఆయన “పద, వెళ్దాం” అని నా మోచెయ్యి పట్టుకున్నారు.

“ఉండండి” అన్నాను. కోచమ్మ వైపు తిరిగి, “నిజం ప్లేట్లు ఎక్కడ పెట్టావు?” అన్నాను.

“అలిసిపోయి ఉన్నారు ఆంటీ. కోపంలో ఎత్తకూడదు. రేపు...”

“రేపటిదాకా నాకు టైం లేదు.”

ఆమె వెనక గదిలోంచి తెచ్చింది. నేనే తగిలించుకున్నాను. ఒక్కో ప్లేటూ కడ్డీ మీద పడుతుంటే ఖంగుమని చప్పుడు. యాభై. వారం కిందట మోకాళ్ళ దగ్గర దిగిపోయిన యాభై. ఈసారి దేవుణ్ణి చెయ్యి వెయ్యమనలేదు. “చూస్తూ ఉండు, చాలు” అన్నాను. వంగాను. కోపంగా ఉన్నా కోచమ్మ గొంతు అలవాటు కొద్దీ, “వీపు, ఆంటీ, వీపు” అంది. వీపు సర్దుకుని నేలను తోశాను. మోకాళ్ళ దగ్గర ఆగింది. తొడలు వణికాయి. పళ్ళు కొరుక్కున్నాను. మెల్లగా, చీమ నడిచినట్టు పైకి వచ్చింది. నిటారుగా నిలబడ్డాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు గంట వైపు చూడాలని కూడా అనిపించలేదు.

తరవాత అరవై పెట్టాను. అది నేలకు మేకులు కొట్టినట్టు ఉండిపోయింది. రెండోసారి ప్రయత్నించాను. అంగుళం కదల్లేదు. సరే, అదీ తెలిసింది.

బోర్డు దగ్గరికి వెళ్ళి నా పేరు పక్కన నక్షత్రం పీకేసి, సుద్దముక్కతో ‘50’ అని రాశాను. వచ్చి ఇనప ప్లేట్లన్నీ ఒక్కొక్కటీ తీసి స్టాండులో సర్దాను. బంగారు కాగితం ప్లేట్లు రెండూ నేల మీదే ఉన్నాయి.

“ఇవో?” అని గొణిగాడు టైలరు.

“అవి నేను ఎత్తినవి కావు” అని చెప్పులేసుకున్నాను. మెట్లు దిగుతూ తిరిగి చూస్తే కోచమ్మ వంగి వాటిని తీస్తోంది. ఒక్కసారి జాలి వేసింది. వెనక్కి మాత్రం వెళ్ళలేదు.

ఇద్దరం ఇంటి దారి పట్టాం. వీధి చివర మందుల షాపు దాటాక నేనే అడిగాను. “మీరు ముప్పై ఏళ్ళుగా ఇనుముతో పని చేస్తున్నారు. మీకూ అనుమానం రాలేదా?”

“నువ్వు దించినప్పుడు చప్పుడు తేడాగా వినిపించింది. డొల్లగా.”

“మరి వస్తున్నానని ఎలా చెప్పారు వాళ్ళకి?”

కొంచెం దూరం నడిచాక, “నాకూ నమ్మాలనిపించింది” అన్నారు. “ఊరు దాటి ఎన్నాళ్ళయిందో.”

అందరికీ నమ్మాలనే ఉంటుంది కాబోలు. నాకు మాత్రం లేదా? అంత తేలిగ్గా లేస్తే, కింద ఏం ఉందోనని ఒక్కసారైనా చూశానా? దేవుడే అనుకున్నాను. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని దేవుడి ముందు నిలబడ్డాను. “స్వామీ, పొద్దున నీకు పెద్ద దండం పెట్టాను. అది ప్లాస్టిక్కుకు పెట్టిన దండమని తేలింది. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మర్యాద కాదు. యాభైకి సర్దుకో.”

అత్తయ్య మంచం మీంచి, “గంట కొట్టావా?” అని కేకేసింది. ఎదురింటావిడ వెళ్ళాక జరిగిందంతా చెప్పాను. వింటున్నకొద్దీ ఆవిడ దిండుకు ఆనుకున్నది కాస్తా నిటారుగా అయింది.

“నా బరువుకు ప్లాస్టిక్కు ప్లేట్లు పెట్టిందా? నేనేమన్నా ఆటబొమ్మనా? ఎంత ధైర్యం! ఇన్నాళ్ళు బతికి, ఇద్దరిని కని, ఈ ఇల్లు నడిపిన ఒళ్ళు ఇది. దీన్ని ఉత్తుత్తిగా ఎత్తించేస్తారా?”

“నేనూ అదే అన్నాను అత్తయ్యా.”

“గట్టిగా అన్నావా?”

“వీధిలోకి వినపడేలా అంది” అని మా ఆయన సాక్ష్యం చెప్పారు.

“మంచిపని చేశావు.” ఆవిడ నన్ను మెచ్చుకోవడం నా జ్ఞాపకంలో అది రెండోసారో మూడోసారో. కాసేపు ఆయాసం తీర్చుకుని, “ఇంతకీ నిజంగా ఎంత ఎత్తావు?” అంది.

“యాభై.”

“అంటే నేను ఎంతవరకు?”

వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. “తొడలు కూడా వచ్చేశాయి. మోకాళ్ళూ, కింద పాదాలూ మిగిలిపోయాయి.”

ఆవిడ దుప్పటి తీసి తన మోకాళ్ళను తనే చూసుకుంది, మొదటిసారి చూస్తున్నట్టు. చాలాసేపు మాట్లాడలేదు. బాత్రూం నేల మీద ఉన్నంతసేపూ ఎలా ఉందో అలాగే ఉంది. నాకు మళ్ళీ భయం వేసింది.

“మోకాళ్ళు నావే కదా” అంది చివరికి. “అవి నేను చూసుకుంటా. నన్ను కిందికి దించండి.”

“అమ్మా, ఇప్పుడెందుకు?” అన్నారు ఆయన.

“రేపు రైలెక్కేవాడివి నువ్వు. నీకు తెలియొద్దూ? దించు. దించి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు. మధ్యలో వేలు పెట్టావంటే ఊరుకోను.”

మంచం పక్కన చాప వేసి, దాని మీద దుప్పటి పరిచి ఆవిడను దించాం. పక్కన పీట పెట్టాను. నేను ఎదురుగా మోకరించి, చంకల కింద చేతులు వేసి, పాదాలు సర్దుకుని లేవడానికి సిద్ధమయ్యాను. “అత్తయ్యా, నా మెడ పట్టుకుని లాగకండి. చేతులు కొక్కేలు, అంతే. కాళ్ళతో నేలను కిందికి తొయ్యండి.”

“నేలను తొయ్యడమేంటే, అది కదుల్తుందా?”

“అది కదల్దు. మీరే కదుల్తారు.”

మొదటిసారి ఇద్దరం కలిసి చాప మీద పడ్డాం. ఆయన రెండు అడుగులు ముందుకేశారు. “చేతులు!” అని ఇద్దరం ఒక్కసారే అరిచాం. రెండోసారి ఆవిడ పాదాలు జారాయి. జారకుండా తడిగుడ్డ తెచ్చి ఆవిడ మడమల కింద వేసి మళ్ళీ పట్టాను. మూడోసారి ఆవిడ పళ్ళు పటపటలాడడం నాకు వినపడింది. బరువు నా చేతుల్లో మారింది. లాగుతున్న బరువు కాదది. కింద నుంచి ఏదో తోస్తున్న బరువు. పొద్దున నేను దేవుడి చెయ్యి అనుకున్నది ఇలాగే ఉంటుందని ఊహించుకున్నాను. ఇప్పుడు తోస్తున్నవి అత్తయ్య మోకాళ్ళు.

లేచింది. పీట దాకా. కూలబడింది గానీ పీట మీదే కూలబడింది. అక్కణ్ణుంచి మంచం మీదికి ఇంకోసారి ప్రయత్నిస్తే కుదరలేదు. ఆయన వచ్చి పట్టుకోవాల్సి వచ్చింది.

మంచం మీద చేరగిలబడి ఆవిడ రొప్పుతూనే కొడుకును పిలిచింది. “ఒరేయ్, వాళ్ళకు ఫోన్ చేసి ఈసారికి రానని చెప్పు. ఈసారికే. వచ్చేసారి నేనే నిన్ను తోలేస్తా.”

ఆయన ఫోన్ తీసుకుని వసారాలోకి వెళ్ళారు. గొంతులో దిగులుంది, నేను విన్నాను. ఆ దిగులు అక్కర్లేని దిగులు. పొద్దున్నే నిజం చెప్పి ఉంటే, ఆశపెట్టి లాక్కునే పని లేకుండా పోయేది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం తగ్గదు.

మర్నాడు పొద్దున యథాప్రకారం జిమ్‌కు వెళ్ళాను. ఇంకెక్కడికి వెళ్ళను? బోర్డు మీద ఒక్క నక్షత్రం లేదు. అందరి పేర్ల పక్కనా సుద్దతో అంకెలు, నిన్నటి వాటికంటే చాలా చిన్న అంకెలు. కోచమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. టైలరు రాలేదు.

“ఆయన మానేస్తారేమో ఆంటీ” అంది.

“వస్తాడు. రాకపోతే నేనే వాళ్ళ షాపుకు వెళ్ళి తెస్తాను” అన్నాను. “సుద్దముక్క ఇలా ఇవ్వు.”

నా పేరు కింద ఇంకో పేరు రాశాను. దాని పక్కన లక్ష్యం కూడా ఆవిడ చెప్పినట్టే రాశాను: ‘మోకాళ్ళు నావి.’

కోచమ్మ అది చదివి, “ఎవరివి ఆంటీ?” అంది.

“మా అత్తయ్యవి. నక్షత్రం అంటిస్తే తనే మెట్లెక్కి వచ్చి పీకేస్తానని చెప్పమంది.”